పదమూడో పట్టు

2018 సెప్టెంబర్ 1న, జకార్తాలో ఆసియా క్రీడలు ముగియడానికి ఒక రోజు ముందు, మన దేశానికి ఓ బంగారు పతకం వచ్చింది. తెచ్చినవాళ్లు పరిగెత్తలేదు, బరువులెత్తలేదు. 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శివనాథ్ సర్కార్ అనే ఇద్దరు బెంగాలీలు బల్ల ముందు కూర్చుని పేకాడారు. ఆట పేరు బ్రిడ్జి. ఆ వార్త చదివిన తెలుగువాళ్లలో చాలామందికి మొదట నవ్వొచ్చి ఉంటుంది. పేకాటకి పతకమా? ఊరి చివర చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని ఆడే దానికా?

నవ్వు సంగతి ఎలా ఉన్నా, దాని వెనకున్న ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. కలిపి పంచిన ముక్కలతో ఆడే ఆటలో గెలుపు ఎవరిది? ముక్కదా, మనిషిదా? ఈ ప్రశ్న మన సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, అదీ సికింద్రాబాదు నుంచి. అక్కడి ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య వ్యాజ్యంగా ఢిల్లీ చేరింది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుకి సంబంధించిన ఆట అన్నారు. రమ్మీలో అదృష్టం పాలు ఎలాంటిదో చెప్పడానికి ఆయన తెచ్చిన పోలిక బ్రిడ్జి. బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఎంత అదృష్టం ఉందో ఇందులోనూ అలాంటిదే అన్నారు. అంటే బ్రిడ్జి నేర్పుకి చెందిన ఆటే అన్న విషయంలో ఆయనకి సందేహమే లేదు, దాన్ని కొలబద్దగా వాడుకున్నారు.

ఆ కొలబద్ద ఎక్కడినుంచి వచ్చింది? పేకముక్కల్లోంచి అదృష్టాన్ని కొంచెం కొంచెంగా వడకట్టడానికి మనుషులకి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఆ కథంతా ఒక్కచోట చూడాలంటే స్లామ్ ఆడేవాడి పథకంలో చూడాలి. ఈ వ్యాసం దాని గురించే.

ముక్కల భాష

బ్రిడ్జి ఆడనివాళ్ల కోసం నాలుగు మాటలు. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. మనిషికి 13 ముక్కలు. ఒకరు ఒక ముక్క వేస్తే మిగతా ముగ్గురూ అదే రంగు వేయాలి, లేకపోతే ఏదైనా వేయొచ్చు. పెద్ద ముక్క వేసినవాడిది ఆ పట్టు. ఆ రంగు చేతిలో లేనివాడు తురుఫుతో కొట్టొచ్చు. మొత్తం 13 పట్లు. ఇంతవరకూ మన పల్లెల్లో చాలా ఆటలకి ఉన్న లెక్కే.

ఆ పేర్లు చూడండి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. వీటిలో ఏదీ మన నేలమీద పుట్టిన మాట కాదు, అయినా వీటికి తెలుగు కాని వాసన లేదు. పోర్చుగీసువాళ్ల ఎస్పాద, డచ్చివాళ్ల హార్టెన్, క్లావర్ అన్న మాటలు ఒకసారి పైకి పలికి చూస్తే పోలిక చెవికే తెలుస్తుంది. డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగింది 1605లో. ఓడల్లో వచ్చిన ముక్కలు ఇక్కడే ఉండిపోయి గురజాడ నాటికి మధురవాణి ఇంట్లో పేకాట రంగమై కూర్చున్నాయి. ఇంగ్లీషు చదువు రాకముందే ముక్కలు మన భాష నేర్చుకున్నాయి. అందుకే ఈ వ్యాసంలో స్పేడులూ క్లబ్బులూ అనకుండా మన మాటలే వాడతాను.

బ్రిడ్జికి ప్రత్యేకమైనవి రెండు. ఒకటి పాట. ఆట మొదలయ్యే ముందు వేలంపాటలా పాడాలి, ఏ రంగు తురుఫుగా ఎన్ని పట్లు తెస్తామో. ఆరుకి పైన ఎన్ని అన్నది లెక్క, కాబట్టి ఏడు అని పాడితే 13కి 13 తెస్తామని ఒప్పుకున్నట్టు. అది గ్రాండ్ స్లామ్. ఆరు పాడితే 12, అది స్మాల్ స్లామ్. రెండోది డమ్మీ. పాట నెగ్గినవాడికి ఎడమపక్క ఉన్నవాడు మొదటి ముక్క వేయగానే, నెగ్గినవాడి జతగాడు తన 13 ముక్కలూ బల్లమీద పరిచేసి చేతులు కట్టుకుంటాడు. ఆపైన ఆడేవాడొక్కడే రెండు చేతులూ ఆడతాడు.

ఈ రెండూ లేని రోజుల్లో పథకం అన్నమాటకి పెద్దగా చోటు లేదు.

విస్టు కాలం

బ్రిడ్జికి తాత విస్టు. పాట లేదు. పంచేవాడు తన ఆఖరి ముక్క తిప్పి చూపిస్తే అదే తురుఫు. డమ్మీ లేదు, ఎవరి 13 వాళ్లకే తెలుసు. 1742లో ఎడ్మండ్ హోయిల్ లండన్‌లో విస్టు మీద ఓ చిన్న పుస్తకం వేసి గిన్నీకి ఒకటి చొప్పున అమ్మాడు. జతగాడి చేతిలో ఫలానా ముక్క ఉండే అవకాశం ఎంత అని లెక్కగట్టి చెప్పడం ఆ పుస్తకంలో ఉంది. జూదరి కళ్లతో కాక లెక్కల కళ్లతో ముక్కల్ని చూడటం అప్పటికి కొత్త.

ఐతే ఎంత లెక్క వేసినా మంచి ముక్కలు పడ్డవాడే గెలుస్తున్నాడన్న అనుమానం పోలేదు. దాన్ని పరీక్షించి చూసినవాడు హెన్రీ జోన్స్ అనే వైద్యుడు. 'కావెండిష్' అన్న కలంపేరుతో విస్టు మీద పుస్తకాలు రాశాడు. 1857లో, ఇక్కడ మీరట్టూ ఢిల్లీ మండిపోతున్న ఏడాది, అక్కడ ఆయనా స్నేహితులూ ఒక ప్రయోగం చేశారు. బాగా ఆడే నలుగురినీ, అంతంతమాత్రంగా ఆడే నలుగురినీ తీసుకుని రెండు బల్లలు వేశారు. ఒక బల్లమీద పంచిన ముక్కల్నే రెండో బల్లమీదా పంచారు. ఒకచోట మంచి ముక్కలు గట్టివాళ్లకి వస్తే, రెండోచోట అవే ముక్కలు రెండో పక్షానికి వచ్చాయి. రెండు పక్కలా అదే అదృష్టం. అయినా గట్టివాళ్లే గెలిచారు. ఇవాళ జకార్తాలో జరిగినా ఇంకెక్కడ జరిగినా బ్రిడ్జి పోటీలన్నీ ఈ పద్ధతిలోనే జరుగుతాయి. నాకు రాజు రాలేదు అని ఏడవడానికి వీల్లేదు. నీకు రాని రాజు, నీ చోట కూర్చున్న ప్రతివాడికీ రాలేదు.

అదే విస్టు కాలంలో ఒక డ్యూకు కథ చెప్పుకుంటారు. మూడో జార్జి రాజుగారి కొడుకు కంబర్లాండ్ డ్యూకుకి బాత్ నగరంలో ఒక రోజు ఎడాపెడా ఆసులూ రాజులూ పడ్డాయట. ఆ చేత్తో ఓడిపోవడం అసాధ్యం అనుకుని పందెం కాస్తూ పోయాడట. ఒక్క పట్టు కూడా రాక 20,000 పౌన్లు పోగొట్టుకున్నాడట. కథ నిజమా కాదా అన్నది పక్కన పెడదాం. ముక్కలు మాత్రం నిజం. ఆ పంపకం ఇంచుమించు అలాగే 1955లో ఒక నవల్లోకి వచ్చింది.

బాండు చేతిలో కళావరులు

నవల ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన 'మూన్‌రేకర్'. జేమ్స్ బాండు పేకముక్కలు కూడా పడతాడు అందులో. హ్యూగో డ్రాక్స్ అనే ధనవంతుడు లండన్ క్లబ్బులో బ్రిడ్జిలో మోసం చేస్తుంటాడు. నునుపైన వెండి సిగరెట్టు పెట్టె బల్లమీద పెట్టుకుని, తను పంచే ముక్కల నీడలు అందులో చూసుకోవడం అతని కిటుకు. బాండు వజ్రాన్ని వజ్రంతోనే కోస్తాడు. ముందే పేర్చి పెట్టుకున్న పేకతో పంచుతాడు.

బాండు చేతిలో డైమనుల్లో రాణి, 8, 7, 6, 5, 4, 3, 2, కళావరుల్లో ఆసు, రాణి, 10, 8, 4. ఇస్పేట్లు లేవు, ఆఠీన్లు లేవు. ఎదురుగా కూర్చున్న జతగాడు 'ఎం' చేతిలో చూడబోతే ఏమీ లేదు. ఇస్పేట్లు 10, 9, 8, 7, ఆఠీన్లు 6, 5, 4, 3, కళావరులు 7, 6, 5, 3, 2. డైమను ఒక్కటీ లేదు. బాండుకి కుడిపక్క డ్రాక్స్ చేతిలో ఇస్పేటు, ఆఠీను రెండింట్లోనూ ఆసు, రాజు, రాణి, జాకీ, డైమనుల్లో ఆసు, రాజు, కళావరుల్లో రాజు, జాకీ, 9. మిగతావి ఎడమపక్క మెయర్‌వి. డైమను జాకీ, 10, 9, చిన్న ఇస్పేట్లు, చిన్న ఆఠీన్లు, కళావరు ఒక్కటీ లేదు.

ఇప్పుడు బాండు ఏడు కళావరులు పాడాడు. డ్రాక్స్ సంబరంగా రెట్టింపు అన్నాడు. బాండు మళ్లీ రెట్టింపు అన్నాడు.

పథకం ఇది. మెయర్ మొదటి ముక్కగా డైమను జాకీ వేశాడనుకుందాం. డమ్మీలో డైమను లేదు, చిన్న కళావరుతో కొట్టాలి. డ్రాక్స్ రాజు ఒకటి అక్కడే చచ్చింది. డమ్మీ నుంచి కళావరు వేస్తే డ్రాక్స్ బాండు కంటే ముందు వేయాలి. 9 వేస్తే బాండు 10, జాకీ వేస్తే రాణి, రాజు వేస్తే ఆసు. ఏది వేసినా దాని నెత్తినే ఇంకోటి. మళ్లీ డైమను వేసి డమ్మీలో కొడితే డ్రాక్స్ డైమను ఆసు కూడా పోయింది. మళ్లీ డమ్మీ నుంచి కళావరు, మళ్లీ అదే శిక్ష. మూడోసారి ఆసు వేసి చివరి కళావరు లాగేస్తే, బాండు చేతిలో మిగిలిన ఆరు డైమనులకీ అడ్డు లేదు, పైన రెండు కళావరులు. లెక్క వేసుకోండి. డమ్మీలో రెండు దెబ్బలు, కళావరులు మూడు, డైమనులు ఆరు, మళ్లీ కళావరులు రెండు. పదమూడు. మెయర్ ఇస్పేటో ఆఠీనో వేసి ఉంటే? మొదటి దెబ్బ బాండు చేతిలో 4తో పడేది, మిగతాదంతా ఇంతే. డ్రాక్స్ చేతిలోని పన్నెండు ఆసులూ రాజులూ రాణులూ జాకీలూ నిండుకొలువు తీరి, ఒక్క పట్టు కూడా తేలేకపోయాయి.

పథకం అన్నది ముక్కల బలంలో లేదని చూపించడానికి ఇంతకంటే కొట్టొచ్చే ఉదాహరణ దొరకదు. ముక్క విలువ దానిమీద వేసిన బొమ్మలో లేదు. ఎవరి ముందు కూర్చుందో, ఎవరి వెనక కూర్చుందో, ఎప్పుడు పడుతుందో, అందులో ఉంది. కానీ ఇది పేర్చిన పేక. బాండుకి నాలుగు చేతులూ తెలుసు. నిజమైన ఆటగాడికి తెలిసేది రెండే. అసలు కష్టం అక్కడ.

స్లాముకి ధర కట్టినవాడు

డమ్మీ బల్లమీదికి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర. 1886లో లండన్‌లో 'బిరిచ్, లేదా రష్యా విస్టు' అని ఓ చిన్న కరపత్రం అచ్చయింది. డమ్మీ పరిచే ఆట నియమాలు అందులో ఉన్నాయి. పాట వచ్చిన దారిలో మన దేశానికీ వాటా ఉంది. మారుమూల ఉద్యోగాల్లో ఉన్న ఇంగ్లీషు దొరలకి నాలుగో మనిషి దొరక్క, ముగ్గురే ఆడుకునేలా, డమ్మీ కోసం వేలం పాడే పద్ధతి కనిపెట్టుకున్నారని అంటారు. దానిమీద 'జాన్ డో' అన్న మారుపేరుతో ఒక అధికారి రాసిన పుస్తకం 1904లో అలహాబాదులో అచ్చయింది. ఆక్షన్ బ్రిడ్జి అలా పెరిగింది.

ఐతే ఆక్షన్ బ్రిడ్జిలో ఒక లొసుగు ఉంది. తక్కువ పాడి ఎక్కువ పట్లు తెచ్చినా స్లాము బహుమతి వచ్చేది. మరి ఎవరు ఎత్తుకి పాడతారు? ఫ్రాన్సులో ప్లాఫోన్ అనే ఆటలో పాడినంతే లెక్కకి వస్తుందన్న నియమం అప్పటికే ఉంది. అమెరికా రైల్వే కోటీశ్వరుల వారసుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925 శరదృతువులో 'ఫిన్లాండ్' అనే ఓడ ఎక్కి, పనామా కాలువ గుండా హవానా వెళుతూ, ముగ్గురు స్నేహితులతో ఆ నియమానికి కొత్త లెక్కలు జోడించి ఆడి చూశాడు. పాడి తెచ్చిన స్లాముకే బహుమతి, అదీ భారీగా. ఒక ఆట అప్పటికే గెలిచి ఉన్న జట్టుకి లాభమూ ఎక్కువే, నష్టమూ ఎక్కువే. ఆ స్థితికి 'వల్నరబుల్' అన్న పేరు ఓడలో ఉన్న ఒక అమ్మాయి సూచించిందట. ఇవాళ్టి లెక్కలో గ్రాండ్ స్లాముకి 1000 లేదా 1500, స్మాల్ స్లాముకి 500 లేదా 750. పాడి ఒక్క పట్టు తగ్గితే ఈ బహుమతే కాదు, చేతిలో ఉన్న మామూలు ఆట విలువ కూడా పోతుంది.

ఒక్క నియమం మారేసరికి ఆటగాడి మనసే మారింది. అంతకు ముందు పదమూడో పట్టు వస్తే వచ్చింది, పోతే పోయింది. ఇప్పుడు ఆ పట్టు తెస్తానని నలుగురి ముందూ మాట ఇచ్చి మరీ తేవాలి. మాట ఇచ్చాక చేతిలో చూస్తే పన్నెండే ఉంటాయి. ఆ ఒక్కటి ఎక్కడినుంచి తేవాలి? పథకం అక్కడ పుడుతుంది.

ఒక గ్రాండ్ స్లామ్

ఈ పంపకం నేను ఈ వ్యాసం కోసం పేర్చుకున్నది. తురుఫు లేదు, ఏడు పాడారు. ఆడేవాడి చేతిలో ఇస్పేట్లు 3, 2, ఆఠీన్లు రాణి, 5, డైమనులు ఆసు, రాజు, 6, కళావరులు ఆసు, రాజు, రాణి, జాకీ, 9, 8. డమ్మీలో ఇస్పేట్లు ఆసు, రాజు, 9, 4, ఆఠీన్లు ఆసు, 8, 3, డైమనులు రాణి, 5, 4, కళావరులు 10, 3, 2. ఎడమపక్కవాడు డైమను జాకీ వేశాడు.

మొదటి పని, ఆగడం. ఏ ముక్కా ముట్టుకోకుండా లెక్క వేయాలి. ఇస్పేట్లు రెండు, ఆఠీను ఒకటి, డైమనులు మూడు, కళావరులు ఆరు. పన్నెండు. పదమూడోది ఆఠీను రాణి కావచ్చు, ఇస్పేటు 9 కావచ్చు. ఆఠీను రాజు బయట ఉంది. రాణి వైపు చిన్న ఆఠీను ఆడితే, రాజు ఎవరి దగ్గరున్నా దిగి పట్టు కొట్టుకుపోతుంది. గ్రాండ్ స్లాములో ఒక్కటి పోతే అంతా పోయినట్టే. రాణిని ముందుకి తోస్తే రాజు దాన్ని మింగుతుంది, లేదా ఆసుని లాగేస్తుంది. ఇస్పేట్లలో ఆసు రాజు వేశాక 9 పైన బయట రాణి, జాకీ, 10 ఉన్నాయి. అంటే బలంతో వచ్చే పట్టు లేదు. ఎదుటివాడు తన చేత్తో తను ఇస్తేనే ఉంది.

ఇవ్వడానికి వాడికేం పిచ్చా? కాదు, ఇరుకు. ఆఠీను రాజు, ఇస్పేటు రాణి, జాకీ, 10 ఒకే మనిషి దగ్గర ఉన్నాయనుకుందాం. కళావరులన్నీ వరసగా ఆడితే వాడు ఏదో ఒకటి వదులుతూ పోవాలి. చివరికి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంగ్లీషులో దీన్ని స్క్వీజ్ అంటారు.

కానీ ఇక్కడ ఒక గోతి ఉంది. పథకం వేయనివాడు దానిలో పడతాడు. ఆఠీను ఆసు డమ్మీలో ఉంచుకునే కళావరులన్నీ లాగేశాడనుకోండి. ఎదుటివాడు ఆఠీను రాజునీ ఇస్పేటు రాణి, జాకీ, 10లనీ పట్టుకుని కూర్చుంటాడు. అప్పుడు ఆఠీను 5 వేసి ఆసుతో పట్టు తీసుకుంటే రాజు పడుతుంది, రాణి పెద్దదవుతుంది. కానీ ఆట డమ్మీలో ఉంది. చేతికి తిరిగి రావడానికి దారి లేదు. పెద్దదైన రాణి చేతిలోనే ఉండగా, డమ్మీలో ఆఖరి ముక్క ఇస్పేటు 9 ఓడిపోతుంది.

అందుకని మొదటి పట్టు డమ్మీలోని డైమను రాణితో తీసుకుని, వెంటనే ఆఠీను ఆసు ఆడేయాలి. పై చూపుకి ఇది మతిలేని పని. ఆఠీన్లలో మన కాపలా తీసేసి ఎదుటివాడి రాజుకి పట్టం కట్టినట్టే. ఆ తర్వాత కళావరుతో చేతికి వచ్చి, డైమను ఆసు, రాజు ఆడి, మిగతా కళావరులు ఒక్కొక్కటీ దించాలి. డమ్మీ నుంచి ఆఠీను 8, 3, ఇస్పేటు 4 వదలాలి. ఆఖరి కళావరుకి ముందు చేతిలో ఆ కళావరు, ఆఠీను రాణి, ఇస్పేట్లు 3, 2 ఉంటాయి. ఎదుటివాడి దగ్గర ఆఠీను రాజు, ఇస్పేటు రాణి, జాకీ, 10. ఆఖరి కళావరు పడింది. రాజుని వదిలితే మన రాణి, ఇస్పేటు వదిలితే మన 9. పదమూడో పట్టు వాడే ఎంచి ఇస్తాడు.

ఆ రెండు కాపలాలూ ఎడమ, కుడి ఎవరి దగ్గరున్నా ఇది పనిచేస్తుంది. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకోటి ఉంటే పని చేయదు. అలా ఉంటే ఇంకో దారీ లేదు. కాబట్టి ఆడేవాడు రెండూ ఒకే చోట ఉన్నాయని నమ్మి ఆడాలి. ఇది ఆశావాదం కాదు. ఏ ఒక్క అమరికలో గెలవగలమో దాన్ని వెతికి, అదే నిజమన్నట్టు నడవడం. మిగతా అమరికల్లో ఎటూ ఓటమే కాబట్టి వాటి గురించి బెంగపడి లాభం లేదు. బ్రిడ్జి పుస్తకాలన్నీ చదివినా ఇంతకంటే పెద్ద పాఠం నాకు దొరకలేదు.

పేర్లలో చరిత్ర

మన ఆసుని ముందే ఖర్చుపెట్టే ఈ ఎత్తుకి వియన్నా కూ అని పేరు. బ్రిడ్జి పుట్టకముందే ఈ ఎత్తు ఉంది. పార్లమెంటు సభ్యుడు, లండన్ విస్టు ఆటగాళ్లలో మేటి అయిన జేమ్స్ క్లే 1864లో వచ్చిన తన విస్టు గ్రంథంలో దీన్ని చెప్పాడు. వియన్నాలోకెల్లా గొప్ప ఆటగాడు ఒకాయన నాలుగు చేతులూ చూసి అన్ని పట్లూ తెస్తానన్నాడనీ, తెచ్చాడనీ కథ. ఆ ఆటగాడి పేరు పోయింది, ఊరి పేరు మిగిలింది.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచి యోధుడు, చదరంగంలో తన కాలానికి మేటి, యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న అలెగ్జాండ్ర్ దెషపెల్ పేరున ఒక ఎత్తు ఉంది. పెద్ద ముక్క బలి ఇచ్చి జతగాడి చేతికి దారి చేయడం. దానికి కవల, మెరిమాక్ కూ. ఎదుటివాడి డమ్మీకి దారి మూసేయడానికి పెద్ద ముక్క బలి ఇవ్వడం. 1898లో క్యూబాలోని శాంటియాగో రేవులో స్పెయిన్ నౌకాదళాన్ని బంధించడానికి అమెరికావాళ్లు రేవు మూతి దగ్గర ముంచిన బొగ్గు ఓడ పేరు మెరిమాక్. మార్టన్స్ ఫోర్క్ అన్నది ఏడో హెన్రీ మంత్రి మార్టన్ గారి పన్నుల తర్కం. ఆడంబరంగా బతికేవాడి దగ్గర డబ్బున్నట్టే, పొదుపుగా బతికేవాడు దాచుకున్నట్టే, ఇద్దరూ కట్టాల్సిందే.

ఈ ఎత్తులకి శాస్త్రం రాసినవాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన క్లైడ్ లవ్ 1959లో స్క్వీజులన్నిటినీ వర్గీకరించి పుస్తకం వేశాడు. అదే 1959లో హంగరీలో గేజా ఓట్లిక్ అనే రచయిత సైనిక పాఠశాల పిల్లల మీద ఒక నవల రాశాడు. హంగరీ సాహిత్యంలో దానికి చాలా పెద్ద పేరు. ఇరవై ఏళ్ల తర్వాత, 1979లో, ఆయనే స్కాట్లండ్‌కి చెందిన హ్యూ కెల్సీతో కలిసి 'అడ్వెంచర్స్ ఇన్ కార్డ్ ప్లే' రాశాడు. ముక్కల ఆటలో అంతవరకూ ఎవరూ తొక్కని దారులు చూపిన పుస్తకమది. నవలాకారుడికి ఇది సరిపడే పనే అనిపిస్తుంది నాకు. పాత్రలు ఏ ఇరుకులో ఏది వదులుకుంటాయో చూడటమే కదా నవల.

యంత్రం ముందు

1998లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో ప్రపంచ పోటీలతో పాటు ఒక ప్రత్యేక పోటీ పెట్టారు. పాట లేదు, ఎదురు జట్టు లేదు. కష్టమైన పంపకాలు ఇచ్చి పథకం వేసి ఆడమన్నారు. 34 మంది మేటి ఆటగాళ్లతో పాటు మాథ్యూ గిన్స్‌బర్గ్ రాసిన జిబ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము కూడా కూర్చుంది. పన్నెండో స్థానంలో నిలిచింది. 2022లో పారిస్‌లో నుకై అనే సంస్థ తయారుచేసిన నూక్, ఎనిమిది మంది ప్రపంచ స్థాయి ఆటగాళ్లని ముక్కల ఆటలో మించింది. కానీ అక్కడ పాట తీసేశారు, ప్రతి పంపకంలోనూ ఒకటే కాంట్రాక్టు, తురుఫు లేకుండా మూడు. ఎంత తేవాలో ముందే చెప్పేశారు. ఎంత తేగలమో తేల్చుకుని, జతగాడితో ఒక భాషలో మాట్లాడుకుని, నోరు తెరిచి మాట ఇవ్వడం అన్న సగం ఆట పక్కనే ఉండిపోయింది.

ఇక మన దగ్గర. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద చట్టాలు మార్చుకుని ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలని నిషేధించాయి. నేర్పు ఆట అన్న 1967 నాటి గొడుగు రమ్మీ యాప్‌ల మీద నిలవలేదు. దీనిమీద కోర్టుల్లో వాదాలు జరిగాయి, జరుగుతాయి. ఫోన్లో ముక్కలాడి అప్పులపాలైన కుటుంబాల గురించి తెలిసినవాడిగా ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కోపం ముక్కల మీద కాదు, పందెం మీద ఉండాలి. కావెండిష్ తన రెండు బల్లలతో తేల్చింది ఆ తేడానే. అదే ముక్కలు అందరికీ పంచి, పందెం తీసేసి చూడండి. మిగిలేది ఏదైతే ఉందో, అదే ఆట. మూడు ముక్కలాటలో అలా తీసి చూస్తే చివరికి ఏమీ మిగలదు. బ్రిడ్జిలో వియన్నా మిగులుతుంది.

మన జిల్లాల్లో పాత క్లబ్బుల్లో బ్రిడ్జి బల్లలు తగ్గిపోతున్నాయి. నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది, ఎదురుగా నమ్మదగిన మనిషి ఒకరు కావాలి. ఈ రెండూ ఇప్పుడు ఖరీదైనవే. చదరంగం నేర్పే బడులు వీధికొకటి వచ్చాయి, మంచిదే. వాటిలో ఒక మూల ఓ పేక కట్ట కూడా ఉంచితే బాగుంటుంది. చదరంగంలో అన్నీ కళ్ల ముందే ఉంటాయి. ఇక్కడ సగం ముక్కలే కనిపిస్తాయి, మిగతా సగం ఊహించి మాట ఇవ్వాలి. పిల్లలు పెద్దయ్యాక ఎదుర్కొనేది ఎక్కువగా రెండో రకం సమస్యే.